బ్యాటరీకి నీలాపనిందలు

పాతబస్తీ గల్లీలో కారుకు ‘సెల్ఫ్’ తీసుకోకపోతే అందరి వేళ్లూ బ్యాటరీ వైపే. అసలు దొంగ చాలాసార్లు అక్కడికి జానెడు దూరంలో, ఒక మురికి పట్టిన బోల్టు కింద దాక్కుని ఉంటాడు.

సాయంత్రం పూట మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ వైపు కారు తీసుకెళ్లడమే ఒక సాహసం. ఆ జనంలో ఇంజన్ ఆగిపోయి, తాళం తిప్పినా అందుకోకపోతే ఇక చెప్పనక్కర్లేదు. వెనక హారన్ల మోత, పక్కన తోపుడు బండి, ముందు ఆటో. నిమిషంలో నలుగురు పోగవుతారు. ‘బ్యాటరీ డౌన్ అయ్యింది భాయ్’ అంటాడొకాయన. ‘బ్యాటరీ బైఠ్ గయీ’ అని ఇంకొకాయన అదే తీర్పును ఉర్దూలో ఖరారు చేస్తాడు. మూడో మనిషి అడక్కుండానే వెనక్కి వెళ్లి తోయడం మొదలుపెడతాడు. ఈ ఊళ్లో ఇలాంటి సాయానికి ఎప్పుడూ కరువు లేదు. సెకండ్ గేర్‌లో క్లచ్ వదలగానే బండి అందుకుంటుంది, ఇల్లు చేరతారు, మర్నాడు కొత్త బ్యాటరీ కొంటారు. రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ అదే జబ్బు.

జబ్బు ఒకటైతే మందు ఇంకోటి వేశారు మరి. కారులో కరెంటు పోవడమంటే బ్యాటరీ చావడమొక్కటే కాదు. బ్యాటరీ నుంచి స్టార్టర్ మోటారు దాకా, మోటారు నుంచి ఇంజన్ దిమ్మ మీదుగా మళ్లీ బ్యాటరీ దాకా కరెంటు ఒక చుట్టు తిరిగి రావాలి. ఆ దారిలో పది అతుకులుంటాయి. వాటిలో ఏ ఒక్కటి చెడినా బయటికి కనిపించే లక్షణం ఒకటే: బండి కదలదు. పాతబస్తీలో ఇప్పటికీ పేరున్న ఆటో ఎలక్ట్రీషియన్లు, జనం నోట ‘ఉస్తాద్’లు, పానా పట్టకముందు చేసే పని వేరు. ‘ఒకసారి సెల్ఫ్ కొట్టండి’ అని చెప్పి, బానెట్ మీదికి వంగి చెవి ఒగ్గుతారు.

చెవితో మొదటి పరీక్ష

తాళం తిప్పినప్పుడు వచ్చే చప్పుడులోనే సగం జవాబు ఉంటుంది.

‘టకటకటకటక’ అని గబగబా కొట్టుకుంటే స్టార్టర్ మీది సోలినాయిడ్ లాగబోయి, వోల్టేజి చాలక వదిలేసి, మళ్లీ లాగబోతోందన్నమాట. కారణం బలహీనపడిన బ్యాటరీ, లేదంటే వదులైన టెర్మినల్. ‘టక్’ అని ఒక్కసారి గట్టిగా మోగి ఊరుకుంటే సోలినాయిడ్ తన పని చేసింది, మోటారే తిరగలేదు. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు, సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలి ఉండొచ్చు, లావు కేబుల్ దారిలో కరెంటు హరించుకుపోతూ ఉండొచ్చు. మూలుగుతూ, ఈడుస్తూ తిరిగితే బ్యాటరీనీ కేబుళ్లనూ రెండింటినీ అనుమానించాలి. ఏ చప్పుడూ లేకుండా డ్యాష్‌బోర్డు మీది లైట్లు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతుంటే బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు. స్టార్టర్‌కు వెళ్లాల్సిన ఆజ్ఞే వెళ్లడం లేదు. రిలే, ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్, క్లచ్ పెడల్ కింది స్విచ్, ఆటోమేటిక్ బండి అయితే గేరు స్విచ్, తాళంలోని చిప్‌ను గుర్తుపట్టని ఇమ్మొబిలైజర్ - వెతకాల్సింది ఈ వరసలో. చాలా కార్లలో హారన్ రిలే, స్టార్టర్ రిలే ఒకే రకం. ఆ రెంటినీ అటూ ఇటూ మార్చి చూస్తే పైసా ఖర్చు లేకుండా ఒక అనుమానం తీరిపోతుంది.

రెండో పరీక్ష కంటితో. హెడ్‌లైట్లు వేసి, ఎదుటి గోడ మీద వెలుగును చూస్తూ సెల్ఫ్ కొట్టాలి. వెలుగు దాదాపు ఆరిపోతే లోపం బ్యాటరీలోనో దాని అతుకుల్లోనో ఉంది. ఏమాత్రం తగ్గకపోతే స్టార్టర్ కరెంటు తీసుకోవడమే లేదు. పాతబస్తీలో ఎదుటి గోడ ఎప్పుడూ నాలుగడుగుల్లోనే ఉంటుంది కాబట్టి ఈ పరీక్షకు మన గల్లీలు భలే అనువు.

మీటరు చెప్పే అబద్ధం

ఇక మల్టీమీటరు. ట్రూప్‌బజార్ ఎలక్ట్రికల్ కొట్లలో ఓ మాదిరి డిజిటల్ మీటరు చవగ్గానే దొరుకుతుంది. దాన్ని బ్యాటరీ మీద పెట్టి 12.6 అని కనిపించగానే ‘బ్యాటరీ ఓకే’ అనేవాళ్లు ఎక్కువ. అక్కడే బోల్తా పడతారు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. నిండుగా చార్జయి, కాసేపు కదపకుండా ఉంచితే 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 11.9 అంటే ఖాళీ. ఇవన్నీ పని చేయనప్పటి లెక్కలు. ఇంట్లో నల్లా తిప్పగానే ధార బాగానే వస్తుంది, గల్లీ మొత్తం ఒకేసారి మోటార్లు వేస్తేనే లైనులో దమ్ము ఎంతుందో తేలుతుంది. చిన్న పెట్రోలు కారు స్టార్టరే నూరు నుంచి నూటయాభై ఆంపియర్లు లాగుతుంది. డీజిల్ బండి ఇంకా ఎక్కువ. అంత బరువు మీద పడ్డప్పుడు కూడా బ్యాటరీ వోల్టేజి 9.6 కంటే దిగకూడదు. దిగితే, బ్యాటరీ నిండా చార్జయి ఉండి కూడా దిగితే, అప్పుడు దాన్ని తప్పుపట్టండి.

దిగలేదు, అయినా మోటారు తిరగలేదు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక కేబుల్ బాడీకి, అక్కడి నుంచి జడలాగా అల్లిన రాగి పట్టీ ఇంజన్‌కి లేదా గేర్‌బాక్సుకి వెళ్తుంది. మెకానిక్కుల మాటల్లో ‘బాడీ ఎర్త్’. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి ఈ పట్టీ లేకపోతే ఇంజన్ నుంచి కరెంటు తిరిగి వెళ్లే సరైన దారే లేదు. పదేళ్ల బండిలో ఆ పట్టీ బోల్టు విప్పి చూడండి. పైకి మెరుస్తుంది. వాషర్ కింద మాత్రం గోధుమరంగు తుప్పు, దాని మీద నూనె జిడ్డు, అంచుల్లో పచ్చటి చిలుము. వేలితో రాస్తే పొడిగా రాలుతుంది. ఆ పొడి అడ్డుపెట్టే నిరోధం ఓమ్‌లో నూరోవంతు అనుకోండి. రేడియోకి, లైటుకి అది లెక్కలోకే రాదు. నూటయాభై ఆంపియర్లు దాని గుండా పోవాల్సి వచ్చినప్పుడు ఒకటిన్నర వోల్టు అక్కడే ఆవిరవుతుంది. బ్యాటరీ దగ్గర పది వోల్టులుంటే మోటారుకు దక్కేది ఎనిమిదిన్నర. ఎలా తిరుగుతుంది?

దొంగను పట్టే పద్ధతి తేలిక. ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజన్ స్టార్ట్ కాకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయాలి. మీటరు ఒక తీగను బ్యాటరీ నెగెటివ్ సీసపు మొలక మీద పెట్టాలి, క్లాంపు మీద కాదు, మొలక మీదే. రెండో తీగను ఇంజన్ మీద శుభ్రమైన లోహానికి ఆనించాలి. ఇంకొకరు నాలుగు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. మీటరు 0.2 వోల్టు లోపే చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. ఒక వోల్టు చూపిస్తే దొంగ దొరికినట్టే. మొలకకూ క్లాంపుకూ మధ్య, క్లాంపుకూ కేబుల్‌కూ మధ్య, కేబుల్‌కూ బాడీకీ మధ్య ఒక్కో మెట్టు దిగుతూ కొలిస్తే ఏ అతుకు తింటోందో వేలు పెట్టి చూపించొచ్చు. పాజిటివ్ వైపూ ఇదే తంతు. ఎమరీ పేపరుతో నాలుగు రుద్దులు రుద్ది, బోల్టు బిగించి, పైన వాజలైన్ పూస్తే పని అయిపోతుంది. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడికి గోరువెచ్చని నీళ్లలో కలిపిన వంటసోడా చాలు, అది సెల్స్ లోపలికి పోకుండా చూసుకుంటే. ఇంత చిన్న పనికి కొత్త బ్యాటరీ, దాని వెంట కొత్త స్టార్టరు కొన్న వాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు.

ఈ జబ్బు ఎరగని కారు

ఇంత గోల లేని కారు ఒకటి ఖిల్వత్‌లోనే ఉంది. చౌమహల్లా ప్యాలెస్ చూడబోయినవాళ్లు అక్కడి పసుపురంగు రోల్స్‌రాయిస్ సిల్వర్‌ఘోస్ట్ ముందు తప్పక ఆగుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చి, అది చేరకముందే 1911లో కన్నుమూశారు. ఆ కాలపు సిల్వర్‌ఘోస్ట్‌కు కరెంటు స్టార్టరు లేదు. ముందు హ్యాండిల్ పెట్టి చేతితో తిప్పాల్సిందే. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 మోడల్ క్యాడిలాక్‌తో మార్కెట్లోకి వచ్చింది. చేతి హ్యాండిల్ ఎదురుతిరిగి మణికట్లు విరగడం తప్పింది, డ్రైవర్లకు బ్యాటరీ చింత మొదలైంది. మన అంబాసిడర్, ఫియట్ పద్మిని రోజుల దాకా కూడా బానెట్ తెరిస్తే ప్రతి వైరూ ఎక్కడికి పోతుందో కంటికి కనిపించేది. ఇప్పుడు చేతి మణికట్టంత లావు వైరింగ్ కట్ట, దాని చుట్టూ నల్ల టేపు.

అంబాసిడర్ కాలం వదిలివెళ్లిన ఒక చెడ్డ అలవాటు గురించి కూడా చెప్పాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసి, బండి ఆగకపోతే ‘డైనమో బాగుంది’ అని తేల్చడం. ఈనాటికీ కొన్ని షెడ్లలో ఆల్టర్నేటర్‌ను డైనమో అనే పిలుస్తారు, పరీక్షా అలాగే చేస్తారు. దయచేసి మీ కారుకు చేయనివ్వకండి. బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే ఆల్టర్నేటర్ వోల్టేజి క్షణకాలం ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. ఆ దెబ్బకు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, పోతే, పరీక్షించబోయిన ఆల్టర్నేటర్ కంటే దాని ఖర్చే ఎక్కువ.

సరైన పరీక్షకు అర నిమిషం చాలు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటరు అన్నీ వేసినా 13.5 కింద పడకూడదు. పదిహేను దాటితే రెగ్యులేటర్ చెడిందని అర్థం, అది బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. మీటరును ఏసీ వోల్టుల మీదికి తిప్పినప్పుడు అర వోల్టుకు మించి కనిపిస్తే డయోడ్లలో ఏదో పోయింది. ఒక్క మినహాయింపు: కొత్త కార్లలో చాలావాటికి కంప్యూటరే చార్జింగ్‌ను అదుపు చేస్తుంది, బ్యాటరీ నిండుగా ఉంటే కావాలనే వోల్టేజి తగ్గిస్తుంది. వాటిలో ఒకసారి 12.8 చూసి కంగారుపడకూడదు. లోడు పెంచి మళ్లీ చూడాలి.

నడుస్తున్న బండిలో కరెంటు పోవడం ఇంకా ఇబ్బంది. రాత్రి మెహిదీపట్నం వైపు నుంచి 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కారు. ముందు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగింది. పట్టించుకోలేదు. కాసేపటికి లైట్లు మసకబారాయి, ఏసీ గాలి తగ్గింది, స్టీరింగ్ బిగుసుకుంది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు గుర్తులన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఇన్ని రోగాలు ఒకేసారి రావు. ఆల్టర్నేటర్ మానేసింది, బండి బ్యాటరీ మీదే నడుస్తోంది. 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ మీద హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్, ఫ్యూయల్ పంపు కలిసి ముప్పై ఆంపియర్లు లాగితే కాగితం మీద గంటకు కాస్త పైన. నిజానికి అంతకుముందే ఆగుతుంది. ఏసీ, పాటలు, చార్జర్లు వెంటనే ఆపేయాలి. ఇంజన్ మాత్రం ఆపకూడదు, ఆపితే మళ్లీ అందుకోదు. అరాంఘర్ దగ్గర దిగి వెలుతురున్న చోట పక్కకు పెట్టుకోవాలి. ఒకవేళ బెల్టు తెగి ఉంటే ఈ సూత్రం చెల్లదు. చాలా బండ్లలో అదే బెల్టు వాటర్ పంపునూ తిప్పుతుంది. టెంపరేచర్ ముల్లు లేస్తే ఇంజన్ ఆపాల్సిందే.

దుబాయి నుంచి వచ్చేసరికి

బార్కస్, చాంద్రాయణగుట్ట వైపు గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు లేని కుటుంబాలు తక్కువ. సెలవుకి వచ్చినప్పుడు తిరగడానికి కొన్న కారు మిగతా నెలలన్నీ కవరు కింద నిద్రపోతుంది. పండక్కి వచ్చి తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు. అక్కడా తప్పు బ్యాటరీదే అంటారు. నిలబెట్టిన కారు కూడా కరెంటు తింటూనే ఉంటుంది మరి. గడియారం, అలారం, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి, అన్నీ కలిపి 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే సహజం. ఆ లెక్కనే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెల తిరిగేసరికి చిన్న బ్యాటరీ సున్నా. డిక్కీలో ఐదు వాట్ల బల్బు ఆరకుండా వెలుగుతుంటే రోజుకు దాదాపు పది. మూడు రోజులు కూడా ఆగదు.

ఈ దొంగతనాన్ని పట్టాలంటే మీటరును పది ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, నెగెటివ్ టెర్మినల్ విప్పి దానికీ మొలకకూ మధ్య కలపాలి. పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు మాడిపోతుంది. తలుపు లాకును స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి తిప్పి, తాళం దూరంగా పెట్టి, అరగంట ఆగాలి. కారులోని కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి ఆ మాత్రం పడుతుంది. అప్పటికీ మూడు నాలుగు వందల మిల్లీఆంపియర్లు చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే తీయాలి. ఏది తీస్తే అంకె ఢమాల్‌మని పడుతుందో ఆ దారిలో దొంగ ఉన్నాడు. అనుభవంలో ఎక్కువగా దొరికేవి బయట వేయించిన స్టీరియో, ఆంప్లిఫయరు, అలారం, జీపీఎస్ డబ్బా. ఫ్యూజులన్నీ తీసినా అంకె దిగకపోతే ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి చూడాలి, లీకైన డయోడు రాత్రంతా బ్యాటరీని తాగేస్తుంది. నెలల తరబడి ఊళ్లో ఉండనివాళ్లకు అన్నిటికంటే సులువు మార్గం వెళ్లేముందు నెగెటివ్ టెర్మినల్ విప్పేసి పోవడం.

వరద మిగిల్చిన చిలుము

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన హైదరాబాద్ మరచిపోయేది కాదు. ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబేల్ కాలనీలో కార్లు పడవల్లా తేలాయి. నాలుగు రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబా నగర్ మునిగింది. నీళ్లు తీశాక కార్లను ఎండబెట్టారు, సీట్లు ఉతికారు, స్టార్ట్ అయ్యాయి. అసలు ముప్పు ఆ తర్వాత వచ్చింది. చాలా కార్లలో వైరింగ్ కట్ట కార్పెట్ కింద, తలుపు గడప వెంట పోతుంది. కనెక్టర్లలో ఇంకిన మురికినీరు నెలల తరబడి రాగిని తిని పచ్చగా చిలుము కట్టిస్తుంది. ఒకరోజు పవర్ విండో పనిచేయదు, ఇంకో రోజు ఫ్యూయల్ పంపు. స్కానరు పెడితే సంబంధం లేని ఏడెనిమిది తప్పుల కోడ్లు. అలాంటి బండిలో కోడు వెంట పరుగెత్తడం వృథా. కార్పెట్ ఎత్తి, ఎర్త్ పాయింట్లు, కనెక్టర్లు ఒక్కొక్కటి విప్పి చూడటమే దారి. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు సీటు కింద బోల్టులు, సీటుబెల్టును చివరిదాకా లాగితే కనిపించే మట్టి గీత తప్పకుండా చూడాలి. నీళ్లలో మునిగిన బండికి ఎట్టి పరిస్థితుల్లోనూ సెల్ఫ్ కొట్టకూడదు. ముందు టెర్మినల్ విప్పాలి, తర్వాతే మిగతావి.

వానాకాలం ఇంకో శత్రువు పందికొక్కు. గల్లీలో రోజుల తరబడి కదలని బండి బానెట్ కింద కాపురం పెట్టి వైర్ల తొడుగు కొరుకుతుంది. తొడుగు పోయిన వైరు బాడీని తాకితే షార్ట్, ఫ్యూజు కొట్టేస్తుంది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫ్యూజు పదేపదే పోతుంటే ఎర్రది తీసి పచ్చది పెట్టడం, అంటే పది ఆంపియర్ల చోట ముప్పై పెట్టడం, లేదా సిగరెట్ పెట్టె రేకు చుట్టడం మరమ్మతు కాదు, నిప్పు రాజేయడం. ఎక్కువ వాట్ల హెడ్‌లైట్లను రిలే లేకుండా పాత వైరుకే తగిలించడమూ అంతే.

మూసీ అవతల గోషామహల్ పాత స్పేర్‌పార్ట్‌ల బజారు లేకుంటే ఈ ఊరి సగం కార్లు ఎప్పుడో తుక్కయ్యేవి. అక్కడ ఆల్టర్నేటర్ కొంటే పుల్లీని చేతితో తిప్పి బేరింగ్ చప్పుడు వినండి, బెంచి మీద తిప్పించి వోల్టేజి చూడందే డబ్బివ్వకండి. అంతకంటే ముందు, మీది విప్పించి బ్రష్‌లు, రెగ్యులేటర్ చూపించమనండి. చాలాసార్లు ఆ రెండు మారిస్తే సరిపోతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లు మొత్తం మార్చేస్తాయి. విప్పి బాగుచేసే ఓపిక మన షెడ్లలోనే మిగిలింది.

అలాగని బ్యాటరీలు చావవని కాదు. మన వాతావరణంలో వాటికి చలి కంటే ఎండే పెద్ద గండం. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని బ్యాటరీ రంగంలో ఓ మోటు లెక్క. మే నెలలో బానెట్ కింద వేడి సంగతి చెప్పక్కర్లేదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి దగ్గర మొదలుపెట్టిన అమరరాజా నుంచి అమరాన్ బ్యాటరీలు దేశమంతా వెళ్తున్నాయి. ఏ కంపెనీదైనా నాలుగైదేళ్లు పనిచేస్తే దాని రుణం తీర్చుకున్నట్టే. పాతదాన్ని తుక్కువాడికి కాక డీలరుకే ఇవ్వండి, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కోరేదీ పాతవి పద్ధతి ప్రకారం రీసైక్లింగ్‌కు చేరాలనే. సందులో సీసం కరిగించే పొయ్యి పక్క ఇంటి పిల్లలకు విషం.

ఈసారి ఎవరైనా ‘బ్యాటరీ మార్చాలి సాబ్’ అంటే వెంటనే పర్సు తీయకండి. ఎదురుగా సెల్ఫ్ కొట్టించి బ్యాటరీ మీద ఎంత చూపిస్తోంది, ఎర్త్ మీద ఎంత పోతోంది, ఇంజన్ నడుస్తుండగా ఎంత ఎక్కుతోంది, ఈ మూడూ మీటరులో చూపించమని అడగండి, బిల్లు మీద రాయించుకోండి. పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు. చూపించనన్నవాడి దగ్గర బండి వదలకండి, పక్క గల్లీలోనే ఇంకో ఉస్తాద్ ఉంటాడు.